నా గదికి టు లెట్ బోర్డు కట్టిన ఆదివారం

ఆ ఆదివారం నేను ప్రయాణం పెట్టుకోవడానికి కారణం గేటుకు వేలాడుతున్న ఒక అట్టముక్క. పొద్దున్నే పాల ప్యాకెట్ తెచ్చుకుందామని కిందికి దిగితే, చొక్కా డబ్బా అట్ట మీద నీలం సిరాతో ‘టు లెట్. ఒక గది, వంటిల్లు. ఫ్యామిలీకి మాత్రమే’ అని రాసి, పురికొసతో గేటుకు కట్టి ఉంది. ఆ ఒక గది, ఆ వంటిల్లు నావే. మూడేళ్ళుగా నేనే ఉంటున్నాను. అప్పటికింకా ఖాళీ చెయ్యలేదు సరికదా, పైన స్టవ్ మీద నీళ్ళు కూడా కాగుతున్నాయి. బతికున్న మనిషికి దినం భోజనాలు పెట్టినట్టనిపించి ఒళ్ళు మండింది.

ఇది తొంభైల మధ్యలో సంగతి. మాది బొబ్బిలి. ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళ ఇద్దరు పిల్లలు. హిమాయత్‌నగర్‌లో ఒక ఎరువుల కంపెనీ ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం దొరికితే ఒక్కదాన్నే హైదరాబాద్ వచ్చి, అశోక్‌నగర్‌లో మేడ మీది గదిలో దిగాను. పెళ్ళి సంగతి అప్పట్లో రైల్లో పక్కసీటువాళ్ళు కూడా అడిగేవారు కాబట్టి మీరైనా అడక్కండి. కాలేదు, అంతే. చేరిన నెలలోనే, ఇంటికి దగ్గరని, మా కంపెనీ విజయనగరం డిపోకు బదిలీ కావాలని అర్జీ పెట్టుకున్నాను. రాత్రంతా రైల్లో కూర్చుంటే తప్ప ఇల్లు చేరలేని ఊళ్ళో ఎన్నాళ్ళని ఉంటాను? ప్రతి పండక్కీ, ప్రతి జ్వరానికీ ఆ అర్జీ ఏమైందని మేనేజరుగారిని అడిగేదాన్ని. మూడేళ్ళకు, ఆ శుక్రవారం, ఆయనే పిలిచి, “మీ డిపోలో ఖాళీ వచ్చిందమ్మా. వెళ్తారో లేదో సోమవారం చెప్పండి,” అన్నారు. వెళ్తారో లేదో అని అడగడమేమిటని నవ్వొచ్చింది. ఆ సంతోషంలో ఇంటికి వస్తూనే మా ఇంటి యజమానురాలు అండాళమ్మగారికి చెప్పేశాను. అమ్మకు మాత్రం ఇంకా చెప్పలేదు. మా ఇంట్లో ఫోను లేదు, పక్కింటి టీచరుగారింట్లో ఉంది. ఆదివారం రేటు తక్కువ కాబట్టి ఆ రోజు సాయంత్రం ఆరింటికి నేను ఎస్టీడీ బూత్ నుంచి ఆ నంబరుకు చేస్తే, అమ్మ వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడుతుంది. మూడేళ్ళుగా అదే పద్ధతి. ఆరింటికి అమ్మతో వచ్చేస్తున్నానని చెప్పడం, మర్నాడు ఆఫీసులో సరేననడం, ఆ పైన సామాను సర్దుకోవడం. అంతా తేలిపోయిందనుకున్నాను.

అండాళమ్మగారు వాకిట్లో ముగ్గు వేస్తున్నారు. కరెంటాఫీసులో చేసి రిటైరైన భర్త, కింద మూడు గదులు, పైన నా గది, అదీ ఆవిడ లోకం.

“బోర్డు అప్పుడే కట్టేశారేమిటండీ?” అన్నాను.

“నువ్వే జెప్తివి గద బిడ్డా, పోతున్న అని. పుష్యం వచ్చిందంటే ఎవ్వరు ఇల్లు మారరు. గిప్పుడే పెట్టాలె,” అన్నారు ముగ్గులోంచి తలెత్తకుండా.

“ఫ్యామిలీకే అని రాశారు. నాలాంటిది ఎవరైనా వస్తే?”

“ఇయ్య. ఫ్యామిలీ అయితే వాళ్ళ తిప్పలు వాళ్ళయి. కిరాయి ఇచ్చిన్రా, అయిపాయె. ఒంటి మనిషైతే బిడ్డ లెక్క అలవాటైతది. అలవాటైనంక పోత అంటది. నాకెందుకీ పరేషాన్?”

ఆవిడ ఇంకో గీత గీసి, “పో, మంచిగ అమ్మకాడికి పో. నేను వద్దంటలేను గద,” అన్నారు.

గదిలో టీ తాగుతూ కూర్చుంటే ఒక సంగతి తట్టింది. ఈ మూడేళ్ళలో చార్మినార్ చూశాను, గోల్కొండ చూశాను, మా ఊరినుంచి ఎవరొచ్చినా వెంటబెట్టుకుని అవన్నీ మళ్ళీ మళ్ళీ చూశాను. రోజూ నడిచే అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడలను మాత్రం ఆఫీసు టైముకు పరిగెత్తే మనిషి ఎంత చూస్తుందో అంతే చూశాను. వెళ్ళిపోయే ముందు ఒక్క రోజు పైఊరి మనిషిలా తిరిగి చూద్దామనుకున్నాను. ఒక గుడ్డసంచీ, రుమాలు, చిల్లర, అంతే సరంజామా. తలుపు తాళం వేసి తొమ్మిదింటికి బయల్దేరాను.

మీరు బయటినుంచి వస్తున్నట్లయితే సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర కోఠీ వెళ్ళే సిటీ బస్సు ఎక్కండి. ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటగానే చిక్కడపల్లి. అక్కడ దిగి పడమటి వైపు సందుల్లో పడితే అశోక్‌నగర్, మెయిన్ రోడ్డు మీదే తిన్నగా నడిస్తే నారాయణగూడ. మూడూ కలిపి చుట్టి రావడానికి రెండు గంటలు చాలు, కానీ మధ్యలో కూర్చోవడాలు, మాటలు ఉంటాయి కాబట్టి రోజంతా పెట్టుకోండి. నేను వెళ్ళింది చలి మొదలైన రోజుల్లో. ఎండ ముఖానికి హాయిగా తగులుతోంది. అశోక్‌నగర్ సందుల్లో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు అరుగుల మీద గైడ్లు తెరుచుకుని, పళ్ళు తోముకుంటూనే ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతున్నారు. మలుపులో బండి దగ్గర నాలుగు రూపాయలకు నాలుగు ఇడ్లీలు తిన్నాను. పల్లీ చట్నీలో చింతపండు పడితేనే అది ఇక్కడి చట్నీ అని మూడేళ్ళలో నేర్చుకున్న విద్య. వచ్చిన కొత్తలో ఈ పులుపేమిటని బండాయనతో పోట్లాడాను కూడా. ఆ రోజు మాత్రం రెండోసారి వేయించుకున్నాను.

నారాయణగూడ మార్కెట్‌కు చేరేసరికి పది దాటింది. అక్కడ గోడవారగా బాలమణి కూర్చుంటుంది. మహబూబ్‌నగర్ వైపు మనిషి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర బస్తీలో ఉంటూ ఇళ్ళు కట్టే చోట కూలికి పోతారు. సీతాఫలాల కాలంలో మాత్రం ఆమె తట్ట మోయడం ఆపి, ఊరినుంచి వచ్చే కాయలు అమ్ముకుంటుంది. ఒంటరివాళ్ళకు ఆమె అమ్మే తీరే వేరు. ఎన్ని కావాలని అడగదు. ఎన్ని దినాలకని అడుగుతుంది. తర్వాత ఒక్కొక్క కాయా నొక్కి చూసి, ఇది ఇవాళ్టికి, ఇది రేపటికి, ఇది ఎల్లుండికి అని వరసగా సంచిలో పెడుతుంది. రేపటి కాయను ఇవాళే కోసుకుంటే ఏమవుతుందో ఒకసారి చేసి చూశాను. సుద్దముక్క నమిలినట్టుంది. అప్పటినుంచి ఆమె చెప్పినట్టే తింటున్నాను.

“ఎన్ని దినాలకమ్మా?” అంది.

“ఊరికి తీసుకెళ్ళాలి బాలమణీ. బుట్టెడు కావాలి. ఇంక ఇటు రాను. బదిలీ అయింది.”

ఆమె చేతిలోని కాయ కింద పెట్టింది. “ఇంట్ల ఎంతమందున్నరు?”

“నాతో ఆరుగురం.”

“అయితే బుట్ట మంచిదే. బుట్టల కాయలన్ని ఒక్కపాలి పండుతయి, మందిల ఒడుస్తయి. ఇగ నీకు నేను ఏరి ఇచ్చే పని లేదు.” కింద పెట్టిన కాయ మళ్ళీ చేతిలోకి తీసుకుంది. “పోవుడు దొరికినోళ్ళు పోవాలె. మా పిల్లలిద్దరు ఊర్ల మా అవ్వకాడ ఉన్నరు. నాకు రమ్మని పిలుపొస్తే ఇంతసేపు గీ గోడకాడ కూసుంటనా?”

మనిద్దరిలో అదృష్టవంతురాలివి నువ్వే అన్నట్టుగా చూసింది. నిజమే కదా అనుకున్నాను. బుట్ట అప్పుడే కొంటానంటే ఒప్పుకోలేదు. పోయేరోజు పొద్దుగాల తీస్కపో, ఇవాళ్టికి మామూలే అని మూడు కాయలు ఏరి నా సంచిలో పెట్టింది. ఎప్పటిలాగే ఇవాళ్టిది పైన, ఎల్లుండిది అడుగున. బొబ్బిలిలో మా ఇంట్లో పళ్ళు తెస్తే పిల్లలకు పోగా మిగిలింది తింటాం. అది చాలా మంచి పద్ధతి, పెరిగింది అందులోనే. కానీ నా ఒక్కదాని మూడు రోజుల గురించి ఎవరైనా ఇలా ఆలోచించి పెట్టడం అక్కడ జరగదు. ఎవరి తప్పూ కాదు, అంతమంది ఉన్నచోట కుదరదు.

అక్కడినుంచి చౌరస్తాలోని ఇరానీ హోటల్‌కు వెళ్ళాను. నారాయణగూడ వచ్చి అక్కడ చాయ్ తాగకుండా వెళ్ళకండి. అప్పట్లో రెండు రూపాయలు. అడక్కుండానే చిన్న ఉల్లిపాయ సమోసాల ప్లేటు తెచ్చి ముందు పెడతారు. కంగారు పడొద్దు, తిన్నవాటికే లెక్క. ఆడమనిషి ఒక్కతే వస్తే మాత్రం హాల్లో కూర్చోనివ్వరు. గోడ పక్కన చెక్క క్యాబిన్లు రెండుంటాయి, ఆకుపచ్చ పరదాలు, పైన ‘ఫ్యామిలీ’ అని బోర్డు. మనల్ని అందులోకి పంపి పరదా లాగేస్తారు. ఈ ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు నన్ను ఫ్యామిలీ కాదు పొమ్మన్నారు, ఇరానీవాళ్ళు అవును రమ్మన్నారు. మొదటి ఏడాది ఆ క్యాబిన్‌లో నాలుగు కుర్చీల మధ్య ఒక్కదాన్నీ కూర్చుంటే ఏడుపొచ్చేది. తర్వాత్తర్వాత ఆ పరదా వెనక అరగంట నా సొంతం అయింది. చాయ్ సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగినా అడిగేవాళ్ళు లేరు.

ఆ రోజు ఆదివారం, పైగా సినిమా పగటి ఆటకు వచ్చిన జనం. హోటలంతా కిటకిటలాడుతోంది. సర్వర్ చాచా పరదా తొలగించి, “అమ్మా, బయట జాగ లేదు. జర ఈళ్ళను గూడ కూసోనిస్తరా?” అన్నాడు. ఆయన వెనక ఒక కొత్త జంట. అమ్మాయి కాళ్ళకు పారాణి ఇంకా వదల్లేదు. రమ్మన్నాను. అబ్బాయి పేరు యాదగిరి, చిక్కడపల్లిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పని దొరికింది. అమ్మాయి స్వరూప. జడ్చర్లలో పదకొండు మంది ఉన్న అత్తవారింటినుంచి వారం కిందటే వచ్చి, ఎవరో చుట్టాలింట్లో తలదాచుకుంటున్నారు. యాదగిరి చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, సిగరెట్ కోసమనుకుంటాను, బయటికి వెళ్ళాడు.

“మీరొక్కరే వచ్చిన్రా అక్కా?” అంది స్వరూప మెల్లగా.

“ఒక్కదాన్నే.”

“ఇంట్ల ఏమనరా?”

“ఇంట్లో ఉండేది నేనే కదా. నన్ను నేనేం అనుకుంటాను?”

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత కప్పు రెండు చేతులతో పట్టుకుని, “నేనెన్నడు ఒక్కదాన్ని కూసుండి చాయ్ తాగలే,” అంది. జాలిపడి అందో, ఆశపడి అందో తెలియలేదు. అంతలో యాదగిరి వచ్చాడు. పొద్దున్నుంచి ఇల్లు వెతుకుతున్నారట. గాంధీనగర్, బాగ్ లింగంపల్లి తిరిగారట. ఒకచోట నీళ్ళు లేవు, ఒకచోట వంటిల్లు లేదు. “ఒక్క రూము, వంటిల్లు ఉంటే చాలక్కా,” అన్నాడు.

“మా గేటుకు పొద్దున్నే బోర్డు కట్టారు,” అనేశాను. మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినపడింది. ఇక తప్పక వీధి చెప్పాను, గేటు రంగు చెప్పాను, సాయంత్రం రమ్మన్నాను. స్వరూప ముఖం వెలిగిపోయింది. చాచా మా ముగ్గురినీ ఒకింటివాళ్ళనుకుని బిల్లు కలిపి చెప్పాడు. యాదగిరి నా చాయ్‌కి కూడా ఇచ్చేసి, వద్దన్నా వినకుండా, “మీరు ఇల్లు జూపిచ్చిన్రు గదక్కా,” అంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం చిక్కడపల్లిలో గడిపాను. అక్కడ భోజనానికి మెస్సులు బోలెడు, పది పన్నెండు రూపాయలకు కడుపు నిండా పెడతారు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆదివారం మధ్యాహ్నం ఒక కూర ఎక్కువే వేస్తారు కానీ రాత్రికి అన్నీ మూసేస్తారు. ఒంటరివాళ్ళకు ఇల్లు అన్నిటికంటే ఎక్కువ గుర్తొచ్చేది ఆదివారం రాత్రే. సరిగ్గా ఆ పూటే మెస్సులు కట్టేయడం ఎవరి బుర్రలో పుట్టిన ఆలోచనో నాకింతవరకూ తెలియదు. గుత్తొంకాయ కూరతో తిని, గ్రంథాలయం వైపు నడిచాను. చదువుకునే హాలు నిండిపోయి, మెట్ల మీద, చెట్ల కింద కూడా పిల్లలు కూర్చున్నారు. ఎక్కడెక్కడి జిల్లాలవాళ్ళో. ఎవరికి వాళ్ళు తలవంచుకుని చదువుకుంటున్నారు, పక్కన ఇంకొకరుంటే మాత్రం ధైర్యంగా ఉన్నట్టున్నారు. నేను కూడా వారపత్రిక ఒకటి తెచ్చుకుని కూర్చున్నాను కానీ ఒక్క పేజీ ముందుకు సాగలేదు.

ఆ జంట గదిలో ఏది ఎక్కడ పెట్టుకుంటారా అని నా బుర్ర పనిచేస్తోంది. మంచం కిటికీ దగ్గర వేస్తారు కాబోలు, నేను వేసినట్టే. వంటింట్లో అలమరా రెండో అర సరిగ్గా నిలవదు, ఎవరైనా చెప్పాలి. అసలు నాకెందుకీ బెంగ అనుకున్నాను. మూడేళ్ళు ఇల్లు ఇల్లని కలవరించిన మనిషిని. కరెంటు పోయిన రాత్రులు, పక్కన ‘పోయిందే’ అనడానికి కూడా ఎవరూ లేక, చీకట్లో ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలుసు. టైఫాయిడ్ వచ్చినప్పుడు అండాళమ్మగారు జావ కాచి మెట్లెక్కి తెచ్చేవారు. తాగుతూ అమ్మా అమ్మా అని ఏడ్చాను. ఆవిడేమీ అనుకోకుండా, “ఆ, అమ్మనే, తాగు,” అనేవారు. ఆ రోజుల్ని నేను తిట్టుకున్నాను తప్ప, వాటిలో ఒక మంచి ఉందని ఎన్నడూ ఒప్పుకోలేదు. ఇప్పుడు ఎదురుగా ఇంటికి దారి తెరిచి పెడితే, గుండె వెనక్కి లాగుతోంది. నా మీద నాకే కోపం వచ్చింది. పత్రిక తిరిగిచ్చేసి ఇంటి దారి పట్టాను. చిక్కడపల్లి గుడి వీధిలో ఒక మేడ మీద ఎవరో వయొలిన్ సాధన చేస్తూ ఒకే చోట తప్పుతున్నారు. ఏడెనిమిది సార్లు తప్పి, చివరికి సరిగ్గా వాయించేదాకా అక్కడే నిలబడ్డాను. బొబ్బిలిలో ఏ పనీ లేకుండా వీధిలో అలా నిలబడితే సాయంత్రానికి అన్నయ్యకు కబురు చేరేది.

ఐదు దాటాక ఇంటికొచ్చేసరికి యాదగిరి, స్వరూప గేటు దగ్గరే ఉన్నారు. అండాళమ్మగారు తాళం నా దగ్గరే ఉంటుందని చెప్పి, వాళ్ళకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారట. నలుగురం పైకి వెళ్ళాం. చూపించాల్సింది నేనే. ఉన్నదున్నట్టు చెప్పి పంపేద్దామనుకున్నాను.

“ఈ కిటికీ తూర్పుకుంది. చలికాలం పొద్దున ఎండ సరిగ్గా మంచం మీదికొస్తుంది, లేవబుద్ధి కాదు. ఈ అలమరా రెండో అర కింద అట్టముక్క పెట్టాలి. నీళ్ళు పొద్దున ఆరింటికి, ఒక్క గంట. శనివారాలు గుళ్ళో సుప్రభాతం ఇక్కడిదాకా వినపడుతుంది. రాత్రి ఎంతసేపు దీపం పెట్టుకుని చదివినా కిందివాళ్ళు ఒక్క మాట అనరు. అండాళమ్మగారు దోసకాయ తొక్కు చేసినప్పుడు మెట్ల మీద గిన్నె పెట్టి పిలవకుండా వెళ్ళిపోతారు, చూసుకుని తీసుకోవాలి. వాన వస్తే ఈ మూల కారుతుంది, కానీ ఒక్క మూలే.”

చెప్పడం ఎప్పుడు ఆపానో తెలియదు. స్వరూప గడపలోనే నిలబడి నన్నే చూస్తోంది.

“ఇంత మంచిగుంటే మీరెందుకు పోతున్రక్కా?” అంది.

ఇంటికని చెప్పాలి. సులువైన జవాబే. అండాళమ్మగారు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. నేను, “ఒక్క గంట ఆగుతారా? ఫోను చేసొస్తాను,” అన్నాను. “జల్ది పోయిరా బిడ్డా,” అన్నారు అండాళమ్మగారు.

బూత్ మా వీధి చివరే. అద్దాల గది, గోడకు ఫోను, పైన ఎర్రంకెల మీటరు. ఆరింటికి కాస్త ముందే వెళ్ళి, ముందున్న ఇద్దరి మాటలూ అయ్యేదాకా నిలబడ్డాను. రింగు ఒక్కసారి మోగగానే అమ్మే ఎత్తింది.

“వచ్చేవా? ఈవేళెక్కడికి వెళ్ళేవేటి?” అంది. నేను అసలు సంగతి ఎత్తేలోగా ఇదీ ఆవిడ మొదటి ప్రశ్న. ఎప్పుడూ అదే. చెప్పక తప్పలేదు. ఇడ్లీ బండి చెప్పాను, బాలమణి చెప్పాను.

“ఆవిడ పిల్లల్ని తెచ్చుకుందామంది కదా, తెచ్చుకుందా?”

“లేదమ్మా. ఊళ్ళోనే ఉన్నారు.” బాలమణి ఆ మాట అన్నదని నేనే మరిచిపోయాను. అమ్మకు గుర్తుంది.

“పాపం. మరి ఇరానీ హోటలుకెళ్ళలేదా? ఆ పచ్చ పరదా మార్చేస్తామన్నారన్నావు, మార్చేరా?”

మార్చలేదన్నాను. కొత్త జంట గురించి చెప్పాను, వయొలిన్ గురించి చెప్పాను. అమ్మ మధ్యమధ్య ఊఁ కొడుతూ వింది. చివరికి, “అమ్మా, విజయనగరం డిపోలో ఖాళీ వచ్చింది. రేపు చెప్పాలి. వచ్చెయ్యనా?” అన్నాను.

మీటరు తిరుగుతోంది.

“రా అమ్మా. నీ ఇంటికి రాడానికి నన్నడగాలేటి?” అంది. తర్వాత గొంతు తగ్గించింది, పక్క గదిలో టీచరుగారికి వినపడకుండా కాబోలు. “ఒక్కటడుగుతాను, నవ్వకు. నువ్వొచ్చేస్తే ఆదివారం ఆరింటికి నాకు ఫోనెవరు చేస్తారే?”

నేను నవ్వేశాను. అమ్మ నవ్వలేదు.

“కాదే, నిజం చెబుతున్నాను. మజ్జాన్నమే పని ముగించేసి, చీర మార్చుకుని కూచుంటాను. ఇంకా టైముంది కదత్తయ్యా అంటుంది మీ వదిన. ఈ గంటా నన్నెవరూ పిలవరు. టీచరమ్మగారు కుర్చీ వేస్తారు. నువ్వు ఊరంతా తిప్పుతావు. పుట్టి బుద్ధెరిగి నేనొక్కదాన్నీ వెళ్ళింది ఈ పక్కింటికే. నేను చూసిన హైదరాబాదూ ఇదే.” మళ్ళీ తనే సర్దుకుంది. “రావద్దనటం లేదు. వస్తానంటే రేపే అన్నయ్యని స్టేషనుకు పంపుతాను. అది కాదు, అసలక్కడ నీకు బావుందా లేదా? మూడేళ్ళబట్టీ అన్నీ చెప్పేవు. అదొక్కటీ చెప్పలేదు.”

అద్దం బయట బూత్ అతను నా వంక చూసి, మర్యాదగా అటు తిరిగి కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకుని, “బావుందమ్మా,” అన్నాను. మూడేళ్ళలో మొదటిసారి అన్నాను. అనేదాకా అది నిజమని నాకూ తెలియదు.

“అయితే ఉండు,” అంది అమ్మ. “వచ్చే ఆదివారం ఆ పిల్లకి ఇల్లు దొరికిందో లేదో చెప్పు.”

దొరికింది. అండాళమ్మగారే పక్క వీధిలో తన ఆడపడుచుతో మాట్లాడి, వాళ్ళింటి వెనక భాగం ఇప్పించారు. సోమవారం మేనేజరుగారితో ఈసారికి వద్దండీ అంటే, ఆయన నా ముఖం చూసి ఒంట్లో బాగుందా అని అడిగారు. ఆ గదిలో ఇంకా ఎనిమిదేళ్ళున్నాను. అమ్మను రమ్మని ఎన్నిసార్లు పిలిచానో. వస్తానే అనేది. పిల్లల పరీక్షలు, వదిన కాన్పు, అన్నయ్య ఆపరేషన్, ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఆవిడ హైదరాబాద్ రాలేదు. పక్కింటి కుర్చీలో కూర్చుని చూసిందే చూసింది. కృతజ్ఞత అంటే నాకు చాలాకాలం దేవుడి ముందు చేతులు జోడించడమే. ఎవరూ పిలవని ఒక గంట, ఇవాళ్టికి సరిగ్గా పండిన ఒక కాయ, నేను తీస్తే తెరుచుకుని నేను వేస్తే మూసుకునే ఒక తలుపు, వీటికి కూడా కృతజ్ఞత చెప్పుకోవచ్చని అప్పట్లో తెలియదు. ఒంటరితనం అనుకుంటూ నేను భరించిన రోజులన్నీ అమ్మ బొబ్బిలిలో కూర్చుని నాతోపాటు బతికింది. వాటిలో సగం ఆవిడవే. ఇప్పుడు ఆ వీధుల్లో నడిస్తే కొత్త బజ్జీల బండి కనపడినా, పరదా రంగు మారినా, ముందు అమ్మకు చెప్పాలనే అనిపిస్తుంది. ఆ తర్వాతే అమ్మ లేదని గుర్తొస్తుంది.

ఈ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. చలి మొదలయ్యాక, ఆదివారం చూసుకుని, ఒక్కరే వెళ్ళండి. కానీ సాయంత్రం ఆ సంగతులన్నీ ఎవరికి చెప్పాలో పొద్దున్నే అనుకుని బయల్దేరండి. వాళ్ళు ఇంకా ఫోనెత్తే రోజుల్లోనే వెళ్ళి రండి.